కనకయ్య చేసిన ఇల్లు పుస్తకం

కనకయ్య గురించి చెప్పాలంటే ముందు నా నోటి గురించి చెప్పుకోవాలి. ఢిల్లీలో ముప్పై ఏళ్ళు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి, ఆటోవాళ్ళతో, కూరగాయల బండివాళ్ళతో, సెక్షన్ ఆఫీసర్లతో వాదించి వాదించి రాటుదేలిన నోరది. మంచి మాట దానికి తొందరగా రాదు. చెడ్డ మాటకి మాత్రం అడ్డూ ఆపూ లేదు. మా ఆయన సదాశివరావు గారు రిటైరైన రోజు నుంచి పేపరు వెనకాల దాక్కున్నది అందుకే. నా పేరు సునంద. మాది రాజమండ్రి. సరోజినీ నగర్ క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం, ఒక మంత్రిత్వ శాఖ లైబ్రరీలో నా ఉద్యోగం.

మా లైబ్రరీలో పాత గెజెట్లూ రిపోర్టులూ ఏడాదికోసారి బైండింగుకి వెళ్ళేవి. ఎనభై మూడులో అనుకుంటాను, కోట్లా ముబారక్‌పూర్ నుంచి సైకిలు మీద ఒక మనిషి వచ్చాడు. బక్కపలచటి మనిషి, చేతులు మాత్రం వేరే ఎవరివో తెచ్చి అతికించినంత పెద్దవి. కట్టలు లెక్కపెట్టుకుంటూ తెలుగులో అంకెలు గొణుక్కుంటున్నాడు. ఆ రోజుల్లో ఢిల్లీలో తెలుగు మాట చెవినపడితే ప్రాణం లేచొచ్చేది.

"మీదే ఊరయ్యా?" అని అరిచాను. ఆ అరుపుకి అతను గెజెట్ల కట్ట కాలి మీద పడేసుకున్నాడు.

"జగిత్యాల దిక్కమ్మా" అన్నాడు, కాలు పట్టుకుని కుంటుతూ.

అలా పరిచయమైన మనిషి ఇరవై నాలుగేళ్ళు మా ఇంటి మనిషిగా ఉన్నాడు. చదువు ఐదో తరగతి. హైదరాబాదు ఛత్తాబజారులో పని నేర్చుకుని, ఒక మాస్టరు వెంట ఢిల్లీ వచ్చి, కోట్లాలో ఒక సర్దార్జీ దుకాణంలో కుదురుకున్నాడు. లాయర్ల లావుపాటి పుస్తకాలు, ప్రభుత్వం వారి గెజెట్లు, కాలేజీ పిల్లల థీసిస్‌లు, ఏవైనా అతని చేతి మీదుగానే వెళ్ళేవి. తెలుగు కూడబలుక్కుని చదివేవాడు. హిందీ, ఇంగ్లీషు అక్షరమ్ముక్క రాదు. కట్టినవన్నీ ఆ రెండు భాషలవే.

"లోపట ఏమున్నదో నాకెర్క లేదమ్మా" అనేవాడు నవ్వుతూ. "బయట నుంచి మాత్రం అన్నీ నా చుట్టాలే."

భార్య పేరు కస్తూరి. పిల్లలు లేరు. అందుకోసం వాళ్ళు మొక్కని దేవుడు లేడు, ఎక్కని ఆసుపత్రి మెట్టు లేదు. తొంభై ఎనిమిదిలో ఆవిడ కామెర్లతో పోయింది. తర్వాత అతను పండగలకి మా ఇంటికే వచ్చి భోంచేసేవాడు. రమ్మంటే వచ్చేవాడు కాదు. "నీ కోసం వండలేదు, మిగిలిపోతుంది, వచ్చి తిను" అని కసిరితే వచ్చేవాడు.

అతని పనితనం సంగతి చెప్పాలి. మేం జిగురంటాం, అతను లై అనేవాడు. మైదాపిండి నీళ్ళలో జారుగా కలిపి, సన్నసెగ మీద గంటసేపు తిప్పుతూ ఉడికించేవాడు. దించే ముందు మైలుతుత్తం నూరిన పొడి చిటికెడు వేసేవాడు. ఢిల్లీలో దాన్ని నీలా థోథా అంటారు, పంసారీ కొట్లో, అంటే మన పచారీ కొట్లో, నీలపురాళ్ళలా అమ్ముతారు. అది కలిస్తే జిగురుకి పురుగు చేరదు, బూజు పట్టదు. పాతకాలం బైండర్లందరూ కలిపేదే. కానీ చాలామంది బద్ధకించి మానేస్తారు. కనకయ్య ఒక్కనాడూ మానలేదు.

"నేను గట్టిన బుక్కుకు పురుగు వట్టది. నేను పోయినా గది ఉంటది" అనేవాడు.

గొప్పలు కావు. మా లైబ్రరీలో పక్కపక్క బీరువాల్లో ఎనభై నాలుగు నాటి గెజెట్లే రెండు వరసలు ఉండేవి. వేరే ఎవడో కట్టినవి జల్లెడలా బొక్కలు పడ్డాయి. కనకయ్య కట్టినవి నిన్న తెచ్చినట్టున్నాయి. కొత్తగా వచ్చిన ప్రతి డైరెక్టరుకీ ఆ రెండు వరసలూ చూపించి పాఠం చెప్పేదాన్ని. ఆ మైలుతుత్తం గొప్పతనం ఢిల్లీలో నాకు తెలిసినంతగా ఇంకో ఆడదానికి తెలిసుండదు.

మిగిలిన అట్టముక్కలు, గుడ్డపీలికలు పారేయకుండా దాచుకుని, ఆదివారాలు వింత వింత పుస్తకాలు చేసేవాడు. అగ్గిపెట్టెలో పట్టే పుస్తకం ఒకటి. రెండు వైపుల నుంచీ తెరుచుకునేది ఒకటి. నేను పేపర్లలోంచి కత్తిరించిన వంటల కాగితాలు డబ్బాల కింద కుక్కుతుంటే చూసి, నాకో పుస్తకం చేసి తెచ్చాడు. ఒక్కో పేజీ ముందు పేజీ కన్నా వేలెడు పొడుగు. అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి, పప్పు ఒక మెట్టు, పులుసు ఒక మెట్టు, పచ్చడి ఒక మెట్టు. ప్రతి పేజీకీ కాగితం దోపుకోవడానికి జేబు.

"ఎవరు నేర్పారయ్యా ఇవన్నీ?"

"ఎవరు నేర్పుతరు? చేతులు ఊకె ఉండయి గదమ్మా."

ఒక మధ్యాహ్నం లైబ్రరీకి వచ్చినప్పుడు, కొత్తగా వచ్చిన పెద్ద పుస్తకం ఒకటి తెరిచి, మొదటి పేజీ నా ముందు పెట్టాడు. ఇక్కడ ఎవరెవరి పేర్లున్నాయో చదవమన్నాడు. రాసినవాడిది, బొమ్మలేసినవాడిది, అచ్చువేసినవాడిది, ఫోటోలు తీసినవాడిది, అన్నీ చదివాను.

"కట్టినోని పేరు?"

"ఉండదు."

"ఎందుకుండదు?"

జవాబు లేనప్పుడే నా నోరు ముందు లేస్తుంది. "చెప్పులు కుట్టినవాడి పేరు చెప్పు మీద ఉంటుందా ఏమిటి, నువ్వు మరీను" అన్నాను. అతను నవ్వేసి కట్టలు సైకిలుకి కట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ మాట అతని లోపల ఎంత లోతున దిగబడిందో నాకు ఆరేళ్ళ తర్వాత గానీ తెలియలేదు.

రెండువేల ఆరులో రెండు జరిగాయి. జనవరిలో నేను రిటైరయ్యాను, ఫిబ్రవరిలో మా అమ్మాయి స్నిగ్ధకి కూతురు పుట్టింది. సాత్విక అని పేరు పెట్టారు, నాకు మాత్రం పాపే. మా క్వార్టరు ఖాళీ చేసి స్నిగ్ధకి దగ్గరగా మునిర్కాలో అద్దెకి దిగాం. స్నిగ్ధ గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అల్లుడు ప్రాజెక్టు పని మీద సగం రోజులు బెంగుళూరులో. పొద్దున్న ఎనిమిదికి పాప నా ఒళ్ళోకొస్తే రాత్రికి గానీ వెళ్ళేది కాదు. అదే ఏడాది ఢిల్లీ అంతా కోర్టు హుకుం మీద ఇళ్ళ మధ్య దుకాణాలకి సీళ్ళు వేస్తున్నారు. సర్దార్జీ బైండింగు దుకాణానికీ వేశారు. ఆయన లూధియానా వెళ్ళిపోయాడు. కనకయ్య తన నొక్కుడు యంత్రం, సూదులు, కత్తి తెచ్చి కోట్లాలోని తన గదిలో పెట్టుకున్నాడు. పని సగానికి సగం పడిపోయింది. చేతులు ఊరికే ఉండవు కదా, ఆ చలికాలమంతా ఏదో చేస్తూ కూర్చున్నాడు.

డిసెంబరులో ఒక రోజు గుడ్డలో చుట్టిన వస్తువొకటి తెచ్చి మా మంచం మీద పెట్టాడు. చూస్తే చిన్న ఇల్లు. పసుపు గుడ్డ గోడలు, ఎర్రటి కప్పు. దారం గడియ తీస్తే తలుపులు రెండు వైపులా తెరుచుకున్నాయి. అప్పుడు తెలిసింది అది పుస్తకమని. ఎనిమిది పేజీలు, ఒక్కో పేజీ ఒక గది. గుడ్డ మీద అట్ట, అట్ట మీద గుడ్డ, మూడేసి పొరలు. ఒక గదిలో మంచం, దాని మీద నిజం దుప్పటి, ఎత్తితే కింద పిల్లి. పెరట్లో కోడి, రెక్క ఎత్తితే మూడు గుడ్లు. ఒక పేజీలో బావి, దారం లాగితే లోపల నుంచి వేలెడంత బకెట్టు పైకొస్తుంది. చివరి గదిలో గోడకి అద్దం, నిజం గాజు కాదు, మెరిసే రేకు. పిల్ల తన మొహం తనే చూసుకుంటుంది. ఎక్కడా ఒక్క అక్షరం లేదు.

"సదువు రానోళ్ళ బుక్కమ్మా ఇది" అన్నాడు. "నేను సదువుతా, పాప సదువుతది."

నా నోట మాట రాలేదు. నా నోటికి అది పెద్ద విశేషమే.

సాయంత్రం స్నిగ్ధ వచ్చి చూసి గంతులేసింది. "అమ్మా, దిస్ ఈజ్ అన్‌బిలీవబుల్! అంకుల్, ఇది నాకు రెండ్రోజులు ఇస్తారా?" అని, పాప చేతిదాకా రానివ్వకుండానే పట్టుకుపోయింది. తన స్నేహితురాలు షాపూర్ జాట్‌లో పిల్లల పుస్తకాలు వేసే ఒక చిన్న సంస్థలో పనిచేస్తోంది. ఆ సంస్థ నడిపే చడ్ఢా మేడమ్ ఆ ఇల్లు పుస్తకాన్ని బల్ల మీద పెట్టుకుని ఇంక వదల్లేదట. మూడు వందల ప్రతులు చేసిపెట్టమని కబురు పంపింది.

నేనే వెంట వెళ్ళాను, హిందీలో మాట్లాడటానికి. ఎంత ఇస్తారో, ఎప్పటికి కావాలో, అన్నీ మాట్లాడుకున్నాక మేడమ్ "ఇంకేమైనా అడగాలా కనకయ్యాజీ?" అంది. అతను తల వంచుకుని నాతో తెలుగులో అన్నాడు.

"నా పేరేస్తరా అడుగుండ్రమ్మా."

ఎందుకో ఆ క్షణాన చెప్పు కుట్టినవాడి మాట గుర్తొచ్చి నా చెవులు కాలాయి. అడిగాను. ఆవిడ మంచి మనిషి. "వెయ్యకపోతే ఎలా? పుస్తకం ఆయనది" అంది. చివరి అట్ట మీద మూడు భాషల్లో వేద్దామంది. తెలుగక్షరాలు అక్కడ ఎవరి దగ్గరా లేకపోతే తెల్లకాగితం మీద నల్లసిరాతో నేను రాసిచ్చాను. 'ఈ పుస్తకం చేసింది కనకయ్య.' ఆ కాగితం పట్టుకుని అతను దారి పొడుగునా బస్సులో చదువుకున్నాడు. ఉన్నవి నాలుగు మాటలు. షాపూర్ జాట్ దగ్గర ఎక్కినప్పుడు మొదలుపెట్టి ఇల్లు చేరేదాకా చదివాడు. యాభై ఐదేళ్ళ మనిషికి ఇంక కావలసిందేమీ లేదు, ఆ నాలుగు మాటలున్న పుస్తకం ఒక పిల్ల చేతిలో పడటం తప్ప.

బొమ్మలు గుడ్డ మీద అచ్చయ్యి వచ్చేసరికి జూలై అయింది. వీధిలో ఇద్దరు ఆడవాళ్ళని సాయం పెట్టుకుని గదిలోనే పని మొదలుపెట్టాడు. నేను వారానికోసారి వెళ్ళి చూసేదాన్ని. గది అడ్డంగా తాళ్ళు కట్టి, వాటి మీద గుడ్డపేజీలు బట్టల్లా ఆరేసేవాడు. ఆ ఏడు వానలు విపరీతం. పొద్దున్న ఉడికించిన జిగురు సాయంత్రానికి పులిసిపోయేది. పేజీలు మూడు రోజులకి గానీ ఆరేవి కావు. రెండు పేజీల మీద బూజు మచ్చ కనబడితే ఆ రెంటినీ చింపి మళ్ళీ చేశాడు.

ఒకరోజు వెళ్ళేసరికి పెద్ద గిన్నెలో జిగురు తిప్పుతున్నాడు. ఎప్పుడూ లేనంత నీలంగా ఉంది.

"ఈసారి మూడింతలేసినమ్మా" అన్నాడు, నుదుటి చెమట తుడుచుకుంటూ. "వానలు గద. పిల్లల బుక్కు గద. ఆళ్ళు పెద్దగయ్యి, ఆళ్ళ పిల్లలకిచ్చేదాక ఉండాలె. మధ్యల పురుగు దినొద్దు."

"భలే రంగొచ్చిందయ్యా, ఆకాశంలా ఉంది" అన్నాను నేను.

అన్నాను. ఇంట్లో పాప కోసం రబ్బరు ఏనుగుని రోజుకి రెండుసార్లు వేడినీళ్ళలో కడిగేదాన్ని. కింద పడిన బిస్కెట్టు ముక్క నోట్లో పెట్టుకుంటే వేలు పెట్టి తీసేదాన్ని. ఏడాదిన్నర పిల్ల పుస్తకాన్ని ముందు నోటితో చదువుతుందని పెంచినదాన్ని నాకు తెలియదా? తెలుసు. మైలుతుత్తం విషమని తెలియదా? లైబ్రరీలో చప్రాసీలతో చేతులు కడుక్కోమని గొంతు చించుకునేదాన్ని. రెండూ తెలిసి, ఆ రెంటినీ ఒకచోట పెట్టి చూసుకోలేకపోయాను. గిన్నె ముందు నిలబడి మెచ్చుకున్నాను. అతను సంబరపడిపోయి ఇంకాస్త వేగంగా తిప్పాడు.

ఆగస్టు రెండో వారానికి పని పూర్తయింది. పుస్తకం విడుదల నెలాఖరుకి పెట్టుకున్నారు. మొదటి ప్రతి పాపకే ఇవ్వాలని చడ్ఢా మేడమ్‌ని అడిగి మరీ తెచ్చాడు. నేల మీద చాప వేసి, పాపని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గడియ తీయడం చూపించాడు. పిల్ల బకెట్టు దారం లాగి కిలకిలా నవ్వుతుంటే ఇతనూ నవ్వు. మళ్ళీ లాగేది, మళ్ళీ నవ్వు. అద్దంలో మొహం చూసుకుని పాప దానికి ముద్దు పెట్టింది. వెళ్ళేటప్పుడు చివరి అట్ట తిప్పి తన పేరు మీద పాప వేలు పెట్టించి "గిది నేనే తల్లీ" అన్నాడు.

పాప ఆ రోజంతా ఆ పుస్తకం వదల్లేదు. పడుకునేటప్పుడూ పక్కనే. మర్నాడు మధ్యాహ్నం నేను పప్పు తాలింపు వేసుకుని వచ్చేసరికి, చాప మీద కూర్చుని తలుపు అట్ట మూల చప్పరిస్తోంది. గుడ్డ నాని, పొరలు విడి, లోపలి జిగురు మెత్తబడి గడ్డం మీదకి కారుతోంది. "ఛీ ఛీ" అని లాక్కుని మూతి తుడిచాను. అరగంటకి వాంతి. నీలం, ఆకుపచ్చ కలిసిన నురగ. ఇంకో వాంతి. ఆపైన పిల్ల వేలాడిపోయింది.

ఆటోలో ఎలా వెళ్ళామో నాకు తెలియదు. మా ఆయన చెప్పులు లేకుండా వచ్చారు. ఆసుపత్రిలో డాక్టరమ్మాయి "ఏం తింది? సరిగ్గా ఏం తింది?" అని నిలదీస్తే, అప్పుడు, ఆ క్షణంలో, నాకు ఆ గిన్నె కళ్ళకి కట్టింది. "నీలా థోథా" అన్నాను. ఆ అమ్మాయి నా మొహంలోకి చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. వెంటనే పిల్లని లోపలికి తీసుకుపోయారు.

స్నిగ్ధ గుర్గావ్ నుంచి ఏడుస్తూ వచ్చింది. అది ఫోన్ చేసి చెబితే కనకయ్యా పరిగెత్తుకొచ్చాడు. చొక్కా గుండీలు ఒకటి కిందికి ఒకటి పెట్టుకుని, చేతులకి జిగురుతోనే వచ్చాడు. నడవ నిండా జనం.

"అమ్మా, పాపకెట్లున్నది? ఏమన్నరమ్మా డాక్టర్లు?"

నేను లేచాను. మొత్తం మంట నోట్లోకొచ్చింది. ఆ మంటలో సగం నా మీద నాకున్నదే. కానీ అతని మీదే కక్కాను. "ఏం కలిపావయ్యా అందులో? నీకు బుద్ధుందా? పసిపిల్లకి విషం పెట్టి ఇచ్చావు కదరా!" అన్నాను. ఇరవై నాలుగేళ్ళలో ఏనాడూ అతన్ని 'రా' అనలేదు. అక్కడితో ఆగినా బావుండేది. "నీకు పిల్లలుంటే తెలిసేది! కడుపున ఒక్కర్ని కన్నా తెలిసేది!" అని అరిచాను.

మా ఆయన నా చెయ్యి పట్టి లాగారు. కనకయ్య రెండు చేతులూ ముందుకి పెట్టి వాటి వంక చూసుకున్నాడు. వెనక్కి అడుగులేసుకుంటూ గోడదాకా వెళ్ళి, మెట్ల వైపు తిరిగి దిగిపోయాడు. చేతులు మాత్రం అలాగే, దేనికీ తగలకుండా, దూరంగా పట్టుకునే దిగాడు.

పాపకి గండం గడిచింది. వాంతి చేసుకోవడమే మేలైందన్నారు డాక్టర్లు. మూడో రోజు ఇంటికి తెచ్చుకున్నాం. స్నిగ్ధ చడ్ఢా మేడమ్‌కి ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ అప్పటికప్పుడు విడుదల ఆపేసింది. అదృష్టం, ఒక్క ప్రతి కూడా దుకాణం చేరలేదు.

పుస్తకాలేం చెయ్యాలన్నది ప్రశ్న. పాతకాగితాల వాడికి వేద్దామన్నారెవరో ఆఫీసులో. కనకయ్యే వద్దన్నాడట. "ఆడు పొట్లాలోళ్ళకు అమ్ముతడు. గా అట్టలల్ల ఎవరో శెనగలు పోసి ఇస్తరు. పోరగాళ్ళు తింటరు" అన్నాడని స్నిగ్ధ స్నేహితురాలు చెప్పింది. కాల్చేద్దామని అతనే అడిగాడట.

ఆదివారం పొద్దున్న షాపూర్ జాట్‌లో వాళ్ళ గోడౌను వెనక ఖాళీ జాగాలో కాల్చారు. నేను వెళ్ళాను. నన్నెవరూ రమ్మనలేదు. క్షమించమని అడగాలని వెళ్ళాను. తిట్టడానికి నిమిషం పట్టని నోరు అక్కడ మూడు గంటలు మూసుకుపోయింది.

పుస్తకాలన్నీ గుట్టగా పోసి నిప్పు పెడదామన్నాడు అక్కడి మనిషి. కనకయ్య ఒప్పుకోలేదు. ఒక్కొక్కటే తీసి, రెండు చేతులతో పట్టుకుని, గడియ తీసి తలుపులు తెరిచి, మంటలో పెట్టాడు. రెండు వందల తొంభై తొమ్మిది, ఆపైన నేను సంచీలో తెచ్చిన పాప ప్రతి, మేడమ్ బల్ల మీద ఉండిపోయిన ఆ తొలి ఇల్లు. మొదటి రెండు మూడూ మామూలుగానే కాలాయి. తర్వాత మైలుతుత్తానికి మంట రంగు మారింది. పచ్చగా, చిలకపచ్చగా, మొదట్లో అంచులే, ఆపైన మంటంతా. పట్టపగలు ఎండలో కూడా కనబడుతోంది. పక్క మేడ మీద పిల్లలు చూసి చప్పట్లు కొట్టారు, దీపావళి టపాకాయలనుకున్నారు కాబోలు.

"చూడుండ్రమ్మా ఎంతేసిన్నో" అన్నాడు. నా వైపు చూడలేదు. అది ఒక్కటే అతను ఆ రోజు నాతో మాట్లాడింది.

ఆ వారమే కోట్లా గది ఖాళీ చేశాడు. ఎక్కడికెళ్ళాడో ఇంటివాళ్ళకి తెలియదు. నొక్కుడు యంత్రం ఇనప సామాన్ల వాడికిచ్చేశాడని మాత్రం చెప్పారు. నేను దసరాకి వెతికాను, దీపావళికి వెతికాను. తెలుగు సంఘం వాళ్ళని అడిగాను, అశోకా రోడ్డుతో మొదలుపెట్టి మన భోజనం దొరికే చోటల్లా వాకబు చేశాను. ఆరు నెలలు పట్టింది. చివరికి అతని దగ్గర సాయం చేసిన ఆడమనిషి ఒకావిడ లక్ష్మీ నగర్‌లో చూశానంది.

ఫిబ్రవరిలో వెళ్ళాను. కోచింగ్ సెంటర్ల మధ్య సందులో జిరాక్స్ దుకాణం. ఒక మూల స్టూలు మీద కనకయ్య. సగానికి సగం తగ్గిపోయాడు. ముందు ఒక చిన్న యంత్రం. సి.ఎ. పిల్లల నోట్సు జిరాక్సు కట్టలు అందులో పెట్టి నొక్కడం, బెజ్జాలు పడటం, ప్లాస్టిక్ స్పైరల్ తిప్పి ఎక్కించడం. నిమిషానికొకటి. జగిత్యాల నుంచి ఛత్తాబజారు మీదుగా ఇంత దూరం తెచ్చుకున్న చేతులు ప్లాస్టిక్ తీగ తిప్పుతున్నాయి.

నన్ను చూసి లేచాడు. స్టూలు నాకు వేసి తను నిలబడ్డాడు.

"ఇదేం పనయ్యా కనకయ్యా?"

"దీన్ల లై లేదమ్మా" అన్నాడు.

చడ్ఢా మేడమ్ చెప్పమన్నది చెప్పాను. పిల్లలకి హాని చేయని జిగురుంటుందని, విదేశాల నుంచి తెప్పిస్తానందని, మళ్ళీ మూడు వందలూ చేయమందని, పేరు అలాగే ఉంటుందని. వింటూనే రెండు కట్టలు స్పైరల్ ఎక్కించాడు.

"నాతోని కాదమ్మా. నాకచ్చిన లై అదొక్కటే. ముప్పై ఏండ్లు అన్నిట్లల్ల అదే ఏసిన. ఎన్ని బుక్కులు గట్టిన? ఎందరు ఏలు తడి జేసుకొని పేజీలు తిప్పిండ్రు? పండుకుంటే గవే యాదికొస్తున్నయి."

"పెద్దవాళ్ళకేం కాదు, డాక్టర్ని అడిగాను. వాటిల్లో చిటికెడే వేసేవాడివి."

"అచ్ఛా" అన్నాడు, నమ్మకుండా.

ఇంక దాచుకోలేకపోయాను. "ఆ గిన్నె నేనూ చూశాను కనకయ్యా. మూడింతలు వేశానని నువ్వు చెబితే విన్నాను. నేను ఒక్క మాట అంటే ఆగేవాడివి. అనలేదు. పైగా బాగుందన్నాను. ఆసుపత్రిలో నిన్ను అన్నవన్నీ నన్ను నేను అనుకోవాల్సినవి. నన్ను క్షమించు."

"మీరు మెచ్చుకుంటిరని నేను మస్తు సంబురపడ్డనమ్మా" అన్నాడు మెల్లగా. స్పైరల్ ఒకటి అందుకుని, "మీరన్నదాంట్ల తప్పేమున్నది? పిల్లలుంటే నాకెర్కయ్యేది" అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరం వీసమెత్తు ఉన్నా నేను బతికిపోయేదాన్ని. లేదు. ఆరు నెలలు ఆలోచించి ఒప్పుకున్న మనిషిలా చెప్పాడు. నా మాటని తన గురించిన నిజం చేసుకున్నాడు. దుకాణంలో జనం చూస్తున్నారని కూడా మరిచి ఏడ్చాను. అతను నీళ్ళ బాటిల్ తెచ్చాడు. బాటిల్ నా చేతికివ్వలేదు, బల్ల మీద పెట్టాడు.

"పాప ఎట్లున్నది?"

"బావుంది. రెండేళ్ళు నిండాయి. అన్నీ మాట్లాడుతోంది." చెప్పనా వద్దా అనుకుంటూనే చెప్పేశాను. "ఆ పుస్తకం కావాలంటోందయ్యా. రోజూ అడుగుతుంది. స్నిగ్ధ ఎన్ని తెచ్చినా పక్కన పడేస్తుంది. అదే కావాలంటుంది."

అతని చెయ్యి యంత్రం మీద ఆగిపోయింది. కాగితాల కట్ట పట్టుకుని నిలబడ్డ కుర్రాడు "భయ్యా, జల్దీ" అన్నాడు.

"కాలవెట్టిండ్రని చెప్పకుండ్రమ్మా. పసిది రంది పడుతది" అన్నాడు. "అసొంటి బుక్కు ఎవ్వలు జెయ్యలేదని చెప్పుండ్రి. లేనే లేదని చెప్పుండ్రి. మర్చిపోతది."

ఆ కుర్రాడి నోట్సు అందుకుని అటు తిరిగాడు. మళ్ళీ నా వైపు తిరగలేదు.

ఇంటికొచ్చేసరికి పాప తలుపు దగ్గరే ఉంది. నా సంచీలో చెయ్యి పెట్టి వెతికింది. "అమ్మమ్మా, మేరీ ఘర్‌వాలీ కితాబ్ లాయీ?" అంది, నా ఇల్లు పుస్తకం తెచ్చావా అని. నేను అక్కడే గడప మీద కూలబడి దాన్ని ఒళ్ళోకి తీసుకున్నాను.

"అలాంటి పుస్తకం ఎవరూ చెయ్యలేదమ్మా" అన్నాను.

పాప నా మొహంలోకి చూసింది. "అచ్ఛా" అంది. నా మాట నమ్మి, ఒళ్ళోంచి దిగి, ఆడుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది.